బాలింత కుట్ల సంగతి



కడుపు కోసి బిడ్డను తీసిన బాలింత ఆసుపత్రినుండి ఇల్లు చేరినప్పుడు మన అనకాపల్లి ప్రాంతపు గృహములలో ఆమెకు జరుగు ఉపచారమును మీరందరు ఎరుగుదురు. ఆమె మంచము దిగుటకు ఒకరు చేయి పట్టుకొందురు, బిందె యెత్తనీయరు, చూడవచ్చిన ప్రతి బంధువు ముందుగా కుట్లు ఎట్లున్నవని అడుగును. సహజముగా ప్రసవించిన బాలింత విషయమున మాత్రము, "నార్మలే గదా, ఇంకేటి భయం?" అను ఒక్క మాటతో ఆమె శరీరపు సంగతి ముగిసిపోయి, చూపులన్నియు ఉయ్యాలలోని బిడ్డమీదికి మరలును. ఈమెకును కుట్లు పడియుండవచ్చుననియు, అవియు కండరమును చర్మమును కలిపి కుట్టిన కుట్లేయనియు, పైగా కూర్చున్నను నిలుచున్నను మలమూత్రములకు పోయినను ఒరసికొను తావున నున్నవనియు ఆ యింటి మగవారికి చాలవరకు తెలియదు; ఆడువారికి తెలిసినను పలుకరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అందు శస్త్రచికిత్సచే జరుగునవి 42. తక్కినవారిలో, ముఖ్యముగా తొలిచూలు స్త్రీలలో, ఈ కుట్లు పడినవారు కొల్లలుగా నున్నారు. నేటి ప్రసంగము వారిని గురించియు, వారికి అన్నము పెట్టువారిని గురించియు.

ఇట్టి విషయమును సభలో నిలిచి చెప్పుట కష్టము. రేడియోకు ఒక సౌకర్యము కలదు: చెప్పువారి ముఖము వినువారికి గాని, వినువారి ముఖము చెప్పువారికి గాని కానరాదు. వంటయింట పని చేసికొనుచు వినుచున్న ఇల్లాలు సిగ్గుపడ నక్కరలేదు; వసారాలో కూర్చున్న మామగారు లేచిపోవలసిన పనియు లేదు. ఆయన వినినచో మరింత మేలు.

ప్రసవకాలమున బిడ్డ శిరస్సు వెలికి రానున్న తరుణమున, యోనిద్వారమునకును మలద్వారమునకును నడుమనున్న కొద్దిపాటి ప్రదేశము మిక్కిలి సాగి పలుచబడును. తొలికాన్పున అది కొంత చిరుగుట తరచుగా జరుగునదే. అట్లు చిరుగక మునుపే మత్తుసూది యిచ్చి, కత్తెరతో ఒక వాలుకోత కోసి, మార్గమును విశాలము చేయుటకు వైద్యులు ఎపిసియోటమీ అని పేరిడిరి. "కింద కుట్లు పడ్డాయి" అని మన బాలింతలు చెప్పుకొనునది దీనినే. మన దేశమున ఈ కోతను సాధారణముగా కుడివైపునకు, నడిమిగీతనుండి సుమారు 60 డిగ్రీల వాలున కోయుదురు. సూటిగా క్రిందికి కోసినచో అది మరింత సాగి, మలద్వారమును బిగించియుంచు కండరమును చీల్చు భయము ఎక్కువ. కోత చర్మమును, యోనిపొరను, వాని క్రింది కండరమును భేదించును; కావున వైద్యుల లెక్కలో ఇది రెండవ తరగతి చిరుగుతో సమానము. మలద్వార కండరము తెగినచో మూడవ తరగతి యనియు, దాని లోపలి పొరకూడ తెగినచో నాల్గవ తరగతి యనియు అందురు. ఈ తేడా ముందు మాటలకు అవసరము గనుక శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. కుట్లను తమంత తామే కరిగిపోవు దారముతో వేయుదురు గనుక విప్పించుకొనవలసిన పని సామాన్యముగా నుండదు. రెండు మూడు వారములలో దారపు తునకలు రాలి గుడ్డకు అంటుకొని కనబడినంతమాత్రమున కుట్లు ఊడిపోయినవని బెదరనక్కరలేదు.

ఈ కోత కథ పెద్దది. 1742లో డబ్లిన్ నగరపు వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ తన ప్రసూతి గ్రంథమున దీనిని మొదట వర్ణించినప్పుడు అది కష్టప్రసవమున మాత్రమే చేయదగిన పని. 1920లో చికాగో వైద్యుడు జోసెఫ్ డిలీ, తొలికాన్పు స్త్రీలకు ముందుగానే కోసి పట్టుకారుతో బిడ్డను తీయుటయే తల్లికిని బిడ్డకును క్షేమమని వాదించెను. ఆ వాదము క్రమముగా అలవాటై, అలవాటు పాఠమై, తొలిచూలు అనగానే కత్తెర చేతికి తీసికొను తరములు కొన్ని గడచినవి. దానికి ఆధారమేమని ఎవరును గట్టిగా అడుగలేదు. 1983లో థాకర్, బాంటా అను ఇరువురు పరిశోధకులు 1860 మొదలు 1980 వరకు వెలువడిన వైద్యవాఙ్మయమును శోధించి, అందరికి కోయుటవలన లాభమున్నదనుటకు తగిన సాక్ష్యము లేదని తేల్చిరి. 1993లో అర్జెంటీనాలో 2606 మంది స్త్రీలపై జరిగిన పరీక్షయు, అవసరమును బట్టి కొందరికే కోసినందువలన తీవ్రమైన చిరుగులు పెరుగలేదని చూపెను. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సహజ ప్రసవమున అందరికి కోయు పద్ధతి తగదని స్పష్టముగా చెప్పినది. రెండు శతాబ్దులు దాటిన తరువాత వైద్యశాస్త్రము ఇంచుమించు ఔల్డ్ నిలిచినచోటికే వచ్చి నిలిచినదని నాకు తోచును.

అయినను కోత అన్ని వేళల తప్పని నేననను. శిశువు గుండెచప్పుడు తగ్గిపోవుచు త్వరపడవలసి వచ్చినప్పుడును, పట్టుకారు వాడవలసి వచ్చినప్పుడును అది బిడ్డను కాపాడును. కాని కోయుటకు ముందు ఆ స్త్రీతో ఒక మాట చెప్పి ఆమె సమ్మతి తీసికొనుట, తల వెలికి వచ్చునప్పుడు గోరువెచ్చని నీటిగుడ్డ అదిమి యుంచుట, తొందరపెట్టక నెమ్మదిగా రానిచ్చుట, ఇవి ఖర్చులేని పనులు. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రివారు 2011 మొదలు మిడ్‌వైఫులకు ఇట్టి ఓర్పుగల ప్రసూతిసేవలో శిక్షణ నిచ్చుచున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వము మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకములను ప్రకటించినది. మంత్రసానిని ఇంటినుండి పంపివేసిన మనము, చదువుకొన్న మంత్రసానిని ఆసుపత్రికి పిలుచుకొనుచున్నామని ఒక ముసలమ్మ అన్నచో నేను కాదనలేను.

ఇక కుట్లు పడిన పిమ్మట జరుగవలసినదానికి వత్తము. మొదటి రెండు మూడు దినములు నొప్పియు వాపును హెచ్చుగా నుండును. మంచుగడ్డను పలుచని గుడ్డలో చుట్టి పది నిమిషములు అదిమియుంచినచో మొదటి రెండు దినములలో మంచి ఉపశమనము కలుగును. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అను మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదున పాలిచ్చు తల్లులకు యోగ్యములే. పాలలో మందు చేరునని భయపడి నొప్పిని దిగమ్రింగుకొను తల్లి బిడ్డను సరిగా ఒడిలోనికి తీసికొనలేక, పాలు చాలుటలేదను మరియొక దిగులు తెచ్చుకొనును. కూర్చుండి పాలిచ్చుట బాధగా నున్నప్పుడు ప్రక్కకు ఒత్తిగిలి పడుకొని ఇయ్యవచ్చును. మొదటి దినము గడచిన తరువాత వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీరు పోసి, మోచేతితో వేడి చూచుకొని, దినమునకు రెండుమూడు పర్యాయములు పది పదునైదు నిమిషములు కూర్చుండుట హాయినిచ్చును. ఆ నీటిలో డెటాల్ గుమ్మరించు అలవాటు మన యిండ్లలో నున్నది. డాక్టరు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప ఉత్త నీరే చాలును, ఘాటైన మందునీరు పుండును మండించును. మూత్రవిసర్జన యైన ప్రతిసారి నీటితో కడిగికొనవలెను, ముందునుండి వెనుకకేగాని వెనుకనుండి ముందునకు కాదు. తరువాత మెత్తని గుడ్డతో అద్ది తడి లేకుండ చేసికొనవలెను. ప్యాడును నాలుగైదు గంటలకొకసారి మార్చవలెను. పాతగుడ్డలు వాడువారు వానిని ఉడికించి ఎండలో ఆరవేయవలెను. ఇది చెప్పుట సులభము. నలుగురి కంటపడునని ఆ గుడ్డలను పెరటి మూలను, చీర క్రింద దాచి, నీడలో సగము తడిగా ఆరవేయు బాలింతలను నేనెరుగుదును. ఆ తడిలోనే సూక్ష్మక్రిములు పెరుగును. ఆ గుడ్డలకు ఎండలో చోటు చూపించు పని ఇంటి పెద్దావిడది.

మొదటిసారి విరేచనమునకు పోవుటయే బాలింతలకు కుట్లకంటె పెద్ద భయము. కుట్లు తెగిపోవునని రెండు మూడు దినములు బిగబట్టుదురు. బిగబట్టినకొలది మలము గట్టిపడి ముక్కవలసి వచ్చును. సరిగా వేసిన కుట్లు విరేచనమువలన సామాన్యముగా తెగవు. శుభ్రమైన ప్యాడునొకదానిని కుట్లమీద చేతితో ముందునుండి అదిమిపట్టుకొని కూర్చున్నచో ధైర్యముగా నుండును. అవసరమైనచో ఇసబ్‌గోల్ గాని, డాక్టరు వ్రాసిన మెత్తబరచు మందు గాని తీసికొనవచ్చును. ప్రసవానంతరము 180 దినములు వాడుమని ఇచ్చు ఇనుపధాతువు మాత్రలవలన మలము నల్లబడి కొంత గట్టిపడును. అందుచేత వానిని చెత్తబుట్టలో వేయువారున్నారు. అట్లు చేయరాదు, రక్తహీనతగల బాలింతకు ఏ పుండైనను ఆలస్యముగా మానును. మలము గట్టిపడుటకు నీరెక్కువ త్రాగుటయే విరుగుడు.

నీరనగానే మన ఆచారముల ప్రస్తావన తప్పదు. బెల్లమునకు ప్రసిద్ధికెక్కిన ఈ పట్టణమున పుట్టిన ఆడపడుచు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము వేయించి దంచి మంచి బెల్లమును నేతిని కలిపి ముద్దగట్టిన కాయము తినిపింపకుండ ఏ తల్లియు నుండలేదు. కాయముతో నాకు వైరము లేదు. కొద్దిగా తినుట రుచికిని ప్రీతికిని మంచిదే. చిక్కంతయు దాని వెంట వచ్చు పథ్యముతోనే యున్నది. కూరలు వలదు, పండ్లు చలువ, పెరుగు కూడదు, వెల్లుల్లి కారముతో వేడియన్నము మాత్రమే, నీరు త్రాగినచో పొట్ట పెరుగునని గుక్కెడు గుక్కెడుగా లెక్కపెట్టి ఇచ్చుట! పాలిచ్చు తల్లికి దినమునకు మూడు లీటర్లవరకు ద్రవము కావలెను. నీరును పీచును లేని భోజనము తినిన బాలింతకు మలబద్ధము రాక మానదు. మలబద్ధము వచ్చినచో కుట్లకు బాధ తప్పదు. బీరకాయ, పొట్లకాయ, ఆకుకూర, అరటిపండు, బొప్పాయి, పలుచని మజ్జిగ, ఏవి ఇంట నున్నను పెట్టుడు. కాయమును పెట్టుడు, చెంబుతో నీరును పెట్టుడు.

వేడినీళ్ళ స్నానమును గురించియు ఒక మాట. నడుము నొప్పికి మరిగెడి నీరు పోయుదురు. పోయువారి చేయి ఉదారమైనది. ఆ సెగ వాచియున్న కుట్లపై పడినచో చర్మము ఉడికిపోవును. సాంబ్రాణి పొగ తలకు వేసికొనవచ్చును గాని, కుంపటిమీద కాళ్ళు ఎడము చేసి నిలువరాదు. పసుపు, నూనె, బూడిద మొదలగునవి పుండుమీద పూయరాదు. నేలమీద బాసెంపట్టు వేసికొని చాలసేపు కూర్చుండుట, బరువెత్తుట మొదటి వారములలో మానవలెను. ఇల్లంతయు మెల్లగా నడచుట మాత్రము మంచిది.

మూత్రమును ఆపుకొనునట్లుగా లోపలి కండరములను బిగించి, అయిదు సెకండ్లు ఉంచి వదలు వ్యాయామమును, నొప్పి తగ్గిన కొద్దిదినములకే పడుకొని మొదలు పెట్టవచ్చును. పదేసి చొప్పున దినమునకు మూడుసార్లు. దీనివలన ఆ ప్రదేశమునకు రక్తప్రసరణము పెరుగును, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు మూత్రము జారుట తగ్గును. ఎవరికి తెలియకుండ చేయదగిన వ్యాయామము ఇదియొక్కటే కాబోలు.

చాలమందికి ఈ పుండు రెండు మూడు వారములలో బాధ తగ్గి, ఆరు వారములకు మానిపోవును. అందరికి అట్లు జరుగదు. ఏది సహజమైన నొప్పి, ఏది ప్రమాదసూచన యను వివేకము ఇంటిలోని వారికి ఉండవలెను. ప్రసవమైన మొదటి 24 గంటలలో మాత్రలకు లొంగని తీవ్రమైన నొప్పి, ఒక ప్రక్క ఉబికి గట్టిపడుట, మలద్వారమును ఏదో నొక్కుచున్నట్లుండుట, తల తిరుగుట కలిగినచో చర్మము క్రింద రక్తము గడ్డకట్టుచున్నదేమో యని అనుమానింపవలెను. అది వెంటనే నర్సమ్మను పిలువవలసిన సంగతి. ఆరు గంటలు గడచినను మూత్రము రాకున్నచో అదియును చెప్పవలెను. కాన్పు తరువాత 48 గంటలు ఆసుపత్రిలో నుంచవలెనను ప్రభుత్వ నియమమునకు కారణములలో ఇట్టివి కొన్ని. ఇంటికి వచ్చిన పిమ్మట, మూడవ దినము మొదలు వారము పది దినములలోపల, తగ్గుచున్న నొప్పి మరల హెచ్చుట, ఎరుపెక్కి వాచుట, చీము కారుట, దుర్వాసన, 100.4 డిగ్రీలు దాటు జ్వరము కలిగినచో పుండునకు చీము పట్టినదని భావింపవలెను. కుట్లు విడిపోయి పుండు నోరు తెరచుటయు ఈ కాలముననే జరుగును. కొందరికి దానిని శుభ్రపరచి తనంత తాను లోపలినుండి మాననిత్తురు, కొందరికి మరల కుట్టుదురు, రెండును ఫలించునవే. మధుమేహము, రక్తహీనత గలవారు మరింత జాగరూకతతో నుండవలెను. కుట్లు పడిన ప్రతివారికి యాంటిబయాటిక్ అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మూడవ నాల్గవ తరగతి చిరుగులకు మాత్రము ఇయ్యవలెను. కావున చీటీలో ఆ మందు లేదని డాక్టరుతో తగవులాడనక్కరలేదు. కొన్ని దినములకు భరింపరాని దుర్గంధముతో స్రావము వచ్చినచో, రక్తము అద్దుటకు లోపల పెట్టిన దూదిబట్ట మిగిలిపోయినదేమో యని పరీక్ష చేయించవలెను. లెక్కపెట్టి తీయవలెనను నియమమున్నను, ఎక్కడనో ఒకచోట ఈ పొరపాటు జరుగుచునే యున్నది.

ఇవి జ్వరముతోను చీముతోను తమ్ము తామే ప్రకటించుకొను బాధలు. పలుకని బాధ వేరొకటి కలదు. మలద్వారపు కండరము తెగియు కుట్టుసమయమున గుర్తింపబడనిచో, ఆ స్త్రీకి కొన్ని వారములకు అపానవాయువును, ఒక్కొక్కప్పుడు మలమును నిలుపుకొను శక్తి లోపించును. మిక్కిలి అరుదుగా యోనిమార్గమున వాయువో మలమో వచ్చునట్లు లోపల రంధ్రము పడును. ఇట్టి స్త్రీ ఏమి చేయును? పేరంటమునకు పోదు, నూకాలమ్మ జాతరకు రమ్మన్నను ఏదో వంక చెప్పును, అత్తగారితో, "ఒంట్లో బాగోనేదండి" అని మాత్రమనును. "నొప్పులు పడి కన్నోళ్ళం మేం మాత్రం కాదేటే?" అని పెద్దలు నవ్వి ఊరకుందురు. ఆమెది సోమరితనమని ఇంట పేరు పడును. ఇది చికిత్స గల జబ్బు. వ్యాయామముతో కొందరికి, శస్త్రచికిత్సతో కొందరికి మేలగును. ఇక్కడి ఎన్.టి.ఆర్. వైద్యాలయమునందైనను, దగ్గరలోని ఏ ప్రభుత్వ వైద్యశాలయందైనను స్త్రీవైద్యురాలికి చెప్పినచో, అవసరమును బట్టి విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుదురు. చెప్పుటయే కావలసినది.

దాంపత్యమును గురించి రేడియోలో మాటలాడుట సభ్యతకు లోపము కాదని తలంతును. పుండు మాని, రక్తస్రావము నిలిచి, ఆమెకు మనసు కలిగిన తరువాతనే భర్త చేరరావలెను; సాధారణముగా ఆరు వారముల పరీక్ష పిమ్మట. పాలిచ్చు కాలమున శరీరపు రసములు తగ్గి పొడిబారుటచేత కొంత నొప్పి యుండుట కలదు. లేపనములచే అది తగ్గును. నెలలు గడచినను మచ్చ చోట సూదిపోటువలె నొప్పి నిలిచియున్నచో, మానుచోట అధికమాంసము పెరిగియుండవచ్చును; అది చిన్న చికిత్సతో పోవును. బాలింతను మూడవ నెలవరకో అయిదవ నెలవరకో పుట్టింటనే యుంచు మన ఆచారము ఈ విషయమున వైద్యశాస్త్రమునకంటె ఉదారమైనది. కాని రెండవ కాన్పునకు ఆ పుట్టింటి వాసము చాలమందికి లభింపదు; అప్పుడు భర్త యొక్క ఇంగితమే శరణ్యము.

ఆశా కార్యకర్త కాన్పైన యింటికి మూడవ దినమునను, ఏడు, పదునాలుగు, ఇరువదియొకటి, ఇరువదియెనిమిది, నలువదిరెండవ దినములలోను వచ్చును. ఆమె బిడ్డ బరువు చూచును, బొడ్డు చూచును, పాలు త్రాగుచున్నాడా యని అడుగును. ఈ దినములు తల్లి పుండు మానెడి మజిలీలతో చిత్రముగా సరిపోవును: మూడవ దినము వాపు, ఏడవ దినము చీము పట్టునో లేదో తేలు కాలము, పదునాలుగవ దినము దారము రాలుట, నలువదిరెండవ దినము మానుట. ఆమె బిడ్డను చూచి లేచునప్పుడు, మగవారిని వీధిలోనికి పంపి, తలుపు దగ్గరగా వేసి, "మా అమ్మాయి కుట్లు ఒకమారు చూడమ్మా" అని ఆ యింటి తల్లి అడుగవలెను. చీమున్నచో, జ్వరమున్నచో 108కి ఫోను చేయుటకు వెనుదీయరాదు.

మరుసటి కాన్పును గురించి బాలింతలు తరచుగా అడుగుచుందురు. ఒకసారి కోసినవారికి మరల కోయవలెనను నియమమేమియు లేదు. రెండవ కాన్పున చాలమందికి కోతయే అవసరపడదు. తొలిచూలు గర్భిణులైనచో, ఎనిమిదవ నెల చివరనుండి ఆ ప్రదేశమును శుభ్రమైన చేతితో నూనె రాచి మెల్లగా సాగదీసికొనుచున్నచో కుట్లు పడు అవసరము కొంత తగ్గునని పరిశోధనలు చూపుచున్నవి. ఎట్లు చేయవలెనో నర్సమ్మను అడిగి తెలిసికొనవలెను. మూడవ లేక నాల్గవ తరగతి చిరుగు కలిగినవారు మాత్రము ఆ సంగతిని తల్లీబిడ్డల కార్డుపై వ్రాయించుకొని, మరల గర్భము ధరించిన తొలినెలలలోనే వైద్యురాలికి చూపవలెను. ప్రసవము ఏ మార్గమున కావలెనో ఆమె అప్పుడే ఆలోచించి చెప్పును. బిడ్డ టీకాలు ముగిసినవని ఆ కార్డును పారవేయకుడు.